ఏడు గీతలు వదులు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె మాత్రం ఒక కీడు ఎంచి, దాని పక్కన ఇంకో కీడు ఎంచి, మేలు దాకా వచ్చేసరికి ఓపిక చాలక ఆగిపోయే మనిషి. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకునేది. మోగకపోతే, చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకునేది. భర్త సరుకు లారీ నడుపుతాడు, నెలకు ఇరవై రోజులు బయటే. ఆయన బండి ఎక్కిన ప్రతిసారీ ఆమె మనసులో ఆ లారీ ఒక లోయలో పడేది, ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పాకే పైకి లేచేది. ఇరవై ఆరేళ్ళుగా ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు సరిచేస్తోంది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, నడుములు వదులు చెయ్యడం. భయపడుతూనే కుట్టేది, కుట్టు మాత్రం ఎన్నడూ వంకర పోయేది కాదు.

ఇన్ని కీడులు ఎంచిన మనిషి, వీధి చివర దుకాణానికి బ్రెడ్డు కోసం వెళ్ళిన కూతురి గురించి మాత్రం ఏమీ ఎంచలేదు. మరీ దగ్గర కదా అనుకుంది. వాన పడ్డ రోడ్డు మీద స్కూటరు జారింది. ఎడమ మోచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ నరం నలిగిపోయింది. ఎడమచేతి వేళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. "ఏడాది చూడాలి. రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. అందులో ఆరు నెలలు అయిపోయాయి.

ఇరవై మూడేళ్ళ పిల్ల. స్టూడియోలో ఫొటోలు తీసే పని. కెమెరా బరువంతా ఎడమచెయ్యే మొయ్యాలట, ఆ సంగతి చెయ్యి పోయాకే తల్లికి తెలిసింది. ఇప్పుడు ఆ పిల్ల పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది, ఎక్సర్‌సైజు డాక్టరు దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్ళొస్తుంది. మిగతా పొద్దంతా లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఎవరి మీదైనా బెంగ పెట్టుకోవాలంటే వాళ్ళు ఊరెళ్ళి ఉండాలి. ఈ తల్లికి పక్క గదిలో ఉన్న మనిషి మీద బెంగ. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి చెవి పెట్టేది. లోపల మంచం కిర్రుమన్నా చాలు, ఆ ఒక్క చప్పుడుతో ఇంకో రెండు జేబులు కుట్టేది.

ఆమె తమ్ముడు కుట్టుమిషన్లు రిపేరు చేస్తాడు. పదేళ్ళ కిందటే పోవలసిన మిషన్లకు ప్రాణం పోయడం అతని వృత్తి, ఎదుటివాళ్ళ ప్రాణం తియ్యడం సరదా. ఒక మధ్యాహ్నం సంచి భుజాన వేసుకుని వచ్చి, తిన్నగా మేనకోడలి గదిలోకి పోయాడు.

"ఏమే కోడలా, గోడ బాగుందా? ఏమైనా మాట్లాడుతోందా?"

"మావయ్యా, వెళ్ళు."

"వెళ్తాలే. ఆ పాత ఆట ఆడట్లేదేం?"

ఆ ఆట అతనిదే. ఇరవై ఏళ్ళ కిందటిది. తను కుర్రాడిగా ఉన్నప్పుడు కంప్యూటరులో ఆడి ఆడి, మేనకోడలికి పన్నెండేళ్ళు రాగానే ఆ డిస్కు చేతిలో పెట్టాడు. అందులో ఒక పెద్ద దేశం ఉంది. కొండలు, వంతెనలు, కూలిన కోటలు, ఎటు పోతే అటు దారి. ఒక మనిషిని మనమే తయారుచేసుకుని అందులో వదులుతాం. అయితే దారి చూపించే బాణం గుర్తులు గానీ, వెలిగే చుక్కలు గానీ ఏమీ ఉండవు. ఎదురైన వాళ్ళని అడగాలి. "చీలిన బండ దాటాక, ఏరు ఎడమచేతి వైపు ఉండేలా నడువు" అని వాళ్ళు చెప్తారు. సరిగ్గా వినకపోతే అడవి పాలే. కొత్తవాళ్ళు కదా అని అక్కడి తోడేళ్ళు దయ చూపవు.

కూతురు లేచి కూర్చుని, కుడిచేత్తో ఎడమచేతిని ఒళ్ళోకి తీసి పెట్టుకుంది. "ఆ ఆటలో ఎడమచేత్తో నడవాలి మావయ్యా. కుడిచేత్తో చూడాలి, కొట్టాలి. ఇప్పుడు నేను చూడగలను, కొట్టగలను. నడవలేను."

మేనమామ ఆమె పాదాలవైపు ఓసారి చూశాడు. తర్వాత "కాళ్ళు రెండూ ఖాళీగానే ఉన్నాయిగా. వాటికి ఉద్యోగం ఇద్దాం" అని వెళ్ళిపోయాడు.

మూడో రోజుకి తెచ్చాడు. పాడైన కరెంటు మిషను పెడల్ ఒకటి తీసి, లోపల కాలింగ్ బెల్లు బటను బిగించి, పాత కీబోర్డులో ముందుకు నడిపించే మీటకి రెండు తీగలు అతికించాడు. తొక్కితే తెర మీద మనిషి నడుస్తుంది. కాలు తీస్తే ఆగుతుంది.

"వెనక్కి రావాలంటే?" అంది తల్లి గుమ్మంలో నిలబడి.

"వెనక్కి లేదక్కా. ఇందులో ఒక్క మీటే పట్టింది. మొహం అటు తిప్పుకుని ముందుకే నడవాలి."

"ఎదురుగా తోడేలు వస్తే?"

"దానికీ వెనక నడక రాదులే, భయపడకు."

కానీ కూతురికి కుదరలేదు. కుడిచేత్తో మౌసు తిప్పితే కాలు ఆగిపోయేది, కాలు తొక్కితే చెయ్యి బిగుసుకునేది. తెర మీది మనిషి, పొట్టి జుట్టు పిల్ల, వెళ్ళి వెళ్ళి గోడకి గుద్దుకుని అక్కడే నడుస్తూ నిలబడింది. నాలుగోసారి కూతురు పెడల్‌ని కాలితో ఒక్క తోపు తోసింది. అది మంచం కిందికి పోయింది.

తల్లికి ఆ అవస్థ తెలియనిది కాదు. మిషను నేర్చుకోవడానికి వచ్చే పిల్లలందరికీ ఇదే గొడవ. చెయ్యి గుడ్డని తిప్పాల్సిన చోట కాలు పరిగెడుతుంది. కాలికీ చేతికీ సంధి కుదరడానికి నెలలు పడుతుంది. ఆమె వంగి పెడల్‌ని బయటికి లాగి, ముక్కాలి పీట తెచ్చుకుని కూతురి పక్కన కూర్చుంది.

"నువ్వు చూడు, కొట్టు. ఎప్పుడు నడవాలో చెప్పు. తొక్కడం నా పని."

"నీకు ఆట రాదు కదమ్మా."

"తొక్కడం వచ్చు కదే."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం రెండు గంటలు వాళ్ళిద్దరూ కలిసి ఒక్క మనిషి అయ్యారు. కూతురు కళ్ళూ కత్తీ, తల్లి కాళ్ళు. ఆ కాళ్ళు పిరికి కాళ్ళు. పొద కదిలితే ఆగేవి. గుహ కనిపిస్తే ఆగేవి. ఎవరైనా మాట్లాడటానికి ఎదురొస్తే కూడా ఆగేవి.

"తొక్కమ్మా."

"లోపల చీకటిగా ఉంది."

"గుహ కదా, చీకటిగానే ఉంటుంది. దివిటీ వెలిగించా. తొక్కు."

"ఎవరూ లేని గుహలోకి మనకేం పని?"

"ఎవరో ఉన్నారు కాబట్టే పని."

లోపల నిజంగానే ఎవరో ఉండేవారు. పొట్టి జుట్టు పిల్ల ఒక్క మూలుగు మూలిగి నేల మీద పడిపోయేది, తెర ఎర్రబడేది, దడ్ మని డప్పు లాంటి చప్పుడు ఒకటి వచ్చేది. "చచ్చాం" అనేది కూతురు తాపీగా. తల్లి పెడల్ మీంచి కాలు లాగేసుకునేది. "ఆ మాట అనకే. పడ్డాం అను." కూతురు ఏదో నొక్కేది, పిల్ల మళ్ళీ గుహ బయట నిలబడి ఉండేది, గడ్డి ఊగుతూ ఉండేది, ఏమీ జరగనట్టు. జీవితమంతా ఏది జరుగుతుందని భయపడిందో అది ఒక్క మధ్యాహ్నంలో పదిహేనుసార్లు జరిగిపోయేది. తర్వాత ఇద్దరూ లేచి టీ తాగేవారు.

ఎక్కడికి పోతున్నామని తల్లి ఒకరోజు అడిగింది. కూతురు తెర మీద పైకి చూపించింది. ఉత్తరాన మంచు కొండలు, వాటి మధ్య సన్నటి కనుమ. "దాని అవతల సముద్రం ఉందట. ఒడ్డున ఒక దీపస్తంభం. వాతావరణం బాగున్న రోజు ఈ కొండ మీంచి దాని వెలుతురు కనపడుతుంది. పన్నెండేళ్ళప్పటి నుంచి చూస్తున్నా. ఎప్పుడూ చేరలేదు. కనుమలోనే పోయేదాన్ని."

"మావయ్య చేరాడా?"

"ఆయనా చేరలేదు. చేరా అంటాడు, అక్కడ ఏముంది అంటే మాట మారుస్తాడు."

వంతెన దగ్గర తోడేళ్ళు మూడు. నాలుగు రోజులు అక్కడే పడ్డారు. అయిదో రోజు కూతురు పిల్లని సన్నటి వంతెన మధ్యలో నిలబెట్టింది. ఎన్ని ఉన్నా ఒక్కోటే రావాలి. "ఆపు. ఆపు. కొంచెం తొక్కు. ఆపు." తల్లి తొక్కింది, ఆపింది, కాలర్ మూల తిప్పినప్పుడు తొక్కినంత సుతారంగా. మూడోది ఏట్లో పడింది. కూతురు కుడిచేత్తో తల్లి తొడ మీద ఛెళ్ళున చరిచి, "అమ్మా, నీ కాలు బంగారం" అంది. ఆ చరుపు మంట సాయంత్రం దాకా ఉండాలని తల్లి కోరుకుంది.

అన్ని రోజులూ అలా ఉండవుగా. అడవి మధ్యలో వేటగాళ్ళ గుడిసె ఒకటి వచ్చింది. అందులో ఇద్దరు దొంగలు. రెండు రోజులు, నలభైసార్లు పడ్డారు. రెండో రోజు చివర కూతురికి పాత అలవాటు గుర్తొచ్చి, ఎడమచేతిని ఎత్తి మీటల మీద పెట్టుకుంది. వేళ్ళు అక్కడ ఊరికే పడి ఉన్నాయి. వాటినే చూస్తూ, "ఇది కూడా రాదు నాకు" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే తల్లి తట్టుకునేదేమో.

అంతకు కొన్నాళ్ళ ముందు, చప్పుడు తగ్గించడానికి కూతురు ఆటలో ఒక పేజీ తెరిచింది. అందులో ఒక గీత మీద చిన్న గుబ్బ, కింద చిన్న చిన్న గుర్తులు. అదేంటని తల్లి అడిగితే, "ఆట ఎంత కష్టంగా ఉండాలో పెట్టుకునేది. నాది చివరికంటా ఉంటుంది, మావయ్యదాని లాగే" అని మూసేసింది. తల్లికి ఇంగ్లీషు, గుడ్డల మీద సైజులు చదివినంతే వచ్చు. కానీ ఆ గుబ్బని మర్చిపోలేదు. మిషను మీద దారం బిగువు తిప్పే చక్రం కూడా అలాగే ఉంటుంది. బిగువు ఎక్కువైతే దారం తెగుతుంది. తెగే దారాన్ని ఎవరూ తిట్టరు, ఒక గీత వదులు చేస్తారు.

మర్నాడు కూతురు స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఆ పేజీ వెతికి తెరిచింది. గుబ్బని ఒక్క గీత ఎడమకి జరిపింది. ఒక్క గీత. బేకరీ ఆవిడ లంగాల నడుము ఆమె మూడేళ్ళుగా చెప్పకుండా వదులు చేస్తూనే ఉంది. ఆవిడ "నా కొలత పెళ్ళప్పటి కొలతే" అని వీధంతా చెప్పుకుని సంతోషపడుతోంది. దానివల్ల ఎవరికేం నష్టమొచ్చింది?

ఆ మధ్యాహ్నం దొంగల్లో ఒకడు పడ్డాడు. మర్నాడు ఇద్దరూ పడ్డారు. కూతురు ఆ పూట రెండోసారి అడిగి వడ్డించుకుంది. దాంతో తల్లికి ధైర్యం వచ్చింది. భయస్తుడికి ధైర్యం వస్తే ఎక్కడ ఆగాలో తెలియదు. మూడు వారాల్లో ఏడు గీతలు.

కూతురు మారింది. గోడవైపు తిరగడం మానేసింది. జుట్టు కత్తిరించుకుంది, తెర మీది పిల్లలాగే. ఎక్సర్‌సైజు డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని ఒకప్పుడు మంచం కింద దొర్లించేది, ఇప్పుడు పొద్దున్నే దాన్ని వేళ్ళ మధ్య పెట్టుకుని నొక్కడానికి చూస్తోంది. ఒకరోజు క్లినిక్ నుంచి వచ్చి, "ఆయనతో చెప్పానమ్మా. ఆట కూడా బాగా వస్తోంది, నా చెయ్యీ కన్నూ పదును తేలుతున్నాయి, చిటికెన వేలు కదిలినట్టు కూడా ఉందని చెప్పా. రాసుకున్నాడు" అంది. రాసుకున్నాడన్న మాట తల్లికి గుచ్చుకుంది. కానీ అప్పటికే గుబ్బ ఎడమ చివర ఉంది.

కనుమ మొదట్లోకి చేరిన రోజే తమ్ముడు వచ్చాడు. టీ గ్లాసుతో వెనక నిలబడి చూస్తున్నాడు. మంచులోంచి ఎలుగుబంటి ఒకటి లేచి మీదికొచ్చింది. కూతురు రెండు దెబ్బలు వేసింది. పడిపోయింది.

"ఇదేంటే, ఇంత సులువుగా పడింది?" అన్నాడు. "ఈ ఎలుగు నన్ను ఒక చలికాలమంతా ఏడిపించింది. ఇరవై దెబ్బలు, నాలుగు మందు సీసాలు. దీనికేమైనా జ్వరంగా ఉందా?"

"నేను నేర్చుకున్నా మావయ్యా" అంది కూతురు గర్వంగా.

"నేర్చుకుంటే దెబ్బ తప్పించుకుంటావ్. దెబ్బ బరువు పెరగదు కదా." గ్లాసు పక్కన పెట్టి, వంగి, ఆ పేజీ తెరిచాడు. గుబ్బ ఎక్కడుందో ముగ్గురూ చూశారు.

తల్లి కాలు పెడల్ మీదే ఉంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. ఎవరు జరిపారని కూతురు అడగలేదు. ఇంట్లో ఇంకెవరున్నారు కనుక?

"ఎప్పటి నుంచి?"

"నువ్వు బాధపడుతున్నావని..."

"డాక్టరుకి చెప్పానమ్మా. రాసుకున్నాడు కూడా. చిటికెన వేలు కదిలిందని చెప్పా. అది కూడా నువ్వే కదిలించావా?"

"అక్కా, నా నోరు పడిపోనూ" అన్నాడు తమ్ముడు. అతని పరాచికాలన్నీ అక్కడితో అయిపోయాయి. సంచి తీసుకుని, టీ వదిలేసి వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజులు కూతురు ఆ కుర్చీలో కూర్చోలేదు. పిలిస్తే పలికింది, పెడితే తిన్నది. ఆ పలకడం, ఆ తినడం తల్లిని మళ్ళీ మొదటి నెలలకి తీసుకుపోయాయి. ఆమె రెండో రోజే గుబ్బని కుడి చివరికి జరిపి పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. జరిపాను అని చెప్పడానికి కూడా ధైర్యం చాల్లేదు. కుడుతూ కుడుతూ చెవి పెట్టేది. మంచం కూడా కిర్రుమనడం లేదు. ఆమె పొద్దున కుట్టిన బట్టలు ఇవ్వడానికి, సరుకులు తేవడానికి ఒక గంట బయటికి పోయేది. ఆ గంటలో వీధి చివర మలుపు దగ్గర వెనక్కి తిరిగి ఇంటిని చూసుకునేది. ఆ ఇంట్లో ఉన్న కూతురు ఆమెకి ఏ దేశంలోనో ఉన్నట్టు అనిపించేది.

ఎనిమిదో రోజు మిషను కుట్టు వదిలెయ్యడం మొదలుపెట్టింది. రెండు కుట్లు పడితే ఒకటి జారిపోతోంది. సూది తీసి గోటి మీద గీసి చూసింది. మొన మొద్దుబారి ఉంది. వారం కిందటే మార్చిన సూది. గుడ్డ కుడితే ఇంత తొందరగా మొద్దుబారదు. కాగితం కుడితే బారుతుంది.

సొరుగు తెరిచింది. బాబిన్ల కింద, మడతపెట్టి, గీతల నోటుపుస్తకం కాగితాలు ఒక కట్ట. మిషను నేర్చుకునే వాళ్ళకి మొదట దారం ఎక్కించరు. ఉత్త సూదితో గీతల కాగితం మీద తొక్కమంటారు, గీత తప్పకుండా. ఈ పద్ధతి ఈ ఇంట్లో ఎంతమందికి చెప్పిందో. మొదటి కాగితం మీద బెజ్జాలు చీమలు దారి తప్పినట్టు అటూ ఇటూ పోయాయి. ఒకచోట కాగితమే చిరిగింది. అయిదోదానికి గీతని పట్టుకున్నాయి. చివరి వాటిలో గీతలు వదిలేసి చతురస్రాలు వేసింది. మూలకి వచ్చి ఆగి, తిప్పి, మళ్ళీ సాగింది. ఒక్క కుడిచెయ్యి, ఒక్క కాలు, తను బయటికి పోయిన ఆ గంటల్లో.

తల్లికి వెంటనే తోచింది సంతోషం కాదు. సూది. మిగిలిన ఆ ఒక్క మంచి చేతిలోకి సూది దిగి ఉంటే? పెట్టెలో వేలికి అడ్డం ఉండే రేకు ముక్క ఒకటి ఉంది, సూది పాదానికి బిగిస్తే వేలు కిందికి పోదు. దాన్ని తీసింది. మరమేకు బిగించే దాకా వచ్చింది. అక్కడ ఆగి, చాలాసేపు ఆ రేకుని అలాగే పట్టుకుని కూర్చుంది. ఇది కూడా ఒక గీతే కదా అనిపించింది. చెప్పకుండా వదులు చెయ్యడమే. రేకుని తిరిగి పెట్టెలో వేసింది. కొత్త సూది ఎక్కించింది. నోటుపుస్తకంలోంచి ఇంకో పది కాగితాలు చింపి, ఆ కట్ట కింద పెట్టి సొరుగు మూసింది.

పదో రోజు పొద్దున ఆమె కత్తెర పట్టుకుని ఉండగా కూతురు వచ్చి ముక్కాలి పీట మీద కూర్చుంది.

"ఎన్ని గీతలు తగ్గించావ్?"

"ఏడు."

"ఏ రోజు ఏది?"

తల్లికి తేదీలు గుర్తుండవు. బట్టలు గుర్తుంటాయి. "మొదటిది పోస్టుమాను కోటు జేబు కుట్టిన రోజు. రెండోది టీచరమ్మ బూడిదరంగు స్కర్టు. మూడోది, నాలుగోది పక్క వీధి కవలల ప్యాంట్లు, రెండూ ఒకే రోజు కాదు, ఒకటి ముందిచ్చా. అయిదోది హోటలు వాళ్ళ ఏప్రన్లు. ఆరు... ఆరోది కూడా ఏప్రన్లే, ఎక్కువున్నాయి. ఏడోది బేకరీ ఆవిడది."

"ఆవిడ నడుము మళ్ళీ వదులు చేశావా?"

"చేశా."

కూతురు పెదవి ఒక మూల కదిలి, మళ్ళీ సర్దుకుంది. "వేటగాళ్ళ గుడిసె?"

"పోస్టుమాను కోటు తర్వాత."

"అది నాది కాదన్నమాట. కూలిన కోటలో మెట్ల కింద దాక్కున్నవాణ్ణి పడగొట్టింది?"

"ఏప్రన్లు."

"అదీ కాదు." పీట అంచుని గోటితో గీకింది. అడగడానికి భయపడే ప్రశ్న ఒకటి ఇంకా మిగిలి ఉందని తల్లికి తెలిసింది. ఆ భయం ఆమె ఎరిగిన భయమే. "వంతెన మీద తోడేళ్ళు?"

తల్లి కత్తెర కింద పెట్టింది. ఆ రోజు ఏం కుట్టింది? తొడ మీద చరుపు గుర్తుంది. పచ్చ గుడ్డ గుర్తుంది. బరువైన గుడ్డ, నేలంతా పరుచుకుని. "కర్టెన్లు. క్లినిక్ వాళ్ళ పచ్చ కర్టెన్లు."

"కోటుకి ముందా, వెనకా?"

"ముందు. కర్టెన్లు ఇచ్చి వస్తుంటేనే పోస్టుమాను ఎదురై కోటు ఇచ్చాడు. అప్పటికి నేను దాన్ని ముట్టుకోలేదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు వెయ్యను. మిషను మీద ఒట్టు."

"అయితే తోడేళ్ళు నావే" అంది కూతురు. "నీవి కూడా. కాలు నీదే కదా." లేచి నిలబడింది. "సొరుగులో కాగితాలు పెట్టింది చూశా. సూది మార్చింది కూడా చూశా. ఇక నుంచి పెడల్ నా కాలి కింద పెట్టు."

"మరి నేను?"

"ఇక్కడ కుట్టుకో. లోపలికి రావద్దు. నువ్వు పక్కనుంటే నాకూ గుహ ముందర ఆగాలనిపిస్తుంది."

మొదటి మధ్యాహ్నం డప్పు పదకొండుసార్లు మోగింది. దడ్ మన్న ప్రతిసారీ తల్లి కుట్టు ఆపేది. ఆపి, కూతురు కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు వస్తుందేమో అని వినేది. రాలేదు. రెండో రోజు తొమ్మిది, మూడో రోజు పద్నాలుగు. నాలుగో రోజు ఎలుగుబంటి గర్జన వినపడింది. తల్లి మనసులో దెబ్బలు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి దాకా లెక్క ఉంది, తర్వాత తప్పింది. డప్పు మోగలేదు. మంచులో అడుగుల చప్పుడు మొదలైంది, కరకరమంటూ.

తను తొక్కినప్పుడు ఆ చప్పుడు రెండడుగులకి ఒకసారి ఆగేది. ఇది అలా లేదు. సాగిపోతోంది. ఎక్కడో ఆగితే, చూడటానికి ఆగినట్టుంది, జంకి కాదు. చెయ్యి విరగక ముందు ఈ పిల్ల వీధిలో నడిచొచ్చే తీరు అదే. అది గుర్తుపట్టాక తల్లికి ఇంకేదీ కుట్టబుద్ధి కాలేదు. చేతిలో బట్ట పట్టుకుని, ఆ అడుగులు దూరమైపోతుంటే వింటూ కూర్చుంది. మంచు అయిపోయి రాయి వచ్చింది. రాయి తర్వాత చెక్క. చెక్క తర్వాత ఇసుక, మెత్తగా, దాదాపు వినపడకుండా. తర్వాత నీళ్ళ హోరు.

పిలుస్తుందేమో అని చూసింది. పిలవలేదు. పిలవకపోతే పోనీ అనుకుంది గానీ, ఆ మాట మీద మనసు నిలవలేదు. చాలాసేపటికి లోపల్నుంచి, "అమ్మా, రా" అని వినపడింది.

తెర మీద బూడిదరంగు నీళ్ళు. ఒడ్డున రాతి స్తంభం, పైన దీపం. పొట్టి జుట్టు పిల్ల ఇసుకలో ఒంటరిగా నిలబడి ఉంది. కూతురి కాలు పెడల్ పక్కన నేల మీద ఉంది, చెప్పు లేకుండా. ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. అది కదులుతోందో లేదో తల్లి చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఎవరూ లేరే."

"ఆట చేసినవాళ్ళు ఎవర్నీ పెట్టలేదు. దీపం ఒక్కటే పెట్టి వదిలేశారు."

"అటు పక్క ఏముంది?"

"ఏమీ చెయ్యలేదమ్మా. అక్కడితో ఆ లోకం అయిపోతుంది."

అన్నది గానీ, కూతురి కళ్ళు అటే ఉన్నాయి. పన్నెండేళ్ళ వయసు నుంచి దూరం నుంచి చూసిన వెలుతురు దగ్గరికి చేరాక, ఇప్పుడు చూడటానికి ఇంకో దూరం కావాలి కదా. పిల్ల మొహాన్ని సముద్రంవైపు తిప్పి, పెడల్ తొక్కింది. పిల్ల నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. అక్కడ ఏదో కనపడని గోడ ఉన్నట్టుంది. ముందుకు పోవడం ఆగింది. చేతులూ కాళ్ళూ మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

చాల్లే, వెనక్కి రా అన్న మాట తల్లి నాలుక చివర దాకా వచ్చింది. అక్కడ దాన్ని పట్టుకుని, పీట లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. నీళ్ళవైపు చూసింది. కూతురు కాలు తియ్యలేదు. పిల్ల నడుస్తూనే ఉంది.